గుండ్రంగా వేసిన కుర్చీలు

కుర్చీలు గుండ్రంగా వేసినందుకు నాకు మెమో ఇచ్చారు.

గుండ్రంగా వేయమన్నవాళ్ళకి ఇవ్వలేదు. వాటిలో కూర్చున్నవాళ్ళకి ఇవ్వలేదు. కూర్చోకుండా "మీరు కూర్చోండి", "అబ్బే, తమరుండగా నేనా" అనుకుంటూ కాఫీలు చల్లారిపోయేదాకా నిలబడ్డవాళ్ళకి అసలే ఇవ్వలేదు. నాకిచ్చారు. ఇచ్చి ఊరుకోలేదు, నా చేతిలోంచి సెమినార్ హాలు తాళాల గుత్తి తీసుకుని, నన్ను పాత జవాబు పత్రాల గోడౌనుకి పంపించారు. ఇందులో న్యాయం ఎక్కడుందో ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు మీరే చెప్పాలి. చదువుకున్న పెద్దలు ఇన్నేళ్ళలో చెప్పలేకపోయారు.

మాది పెదకాకాని. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి పత్తి మిల్లులో చేరాను. మిల్లులో పొట్లాలు కట్టుకొచ్చిన పేపర్లన్నీ విప్పి చదివేవాణ్ణి. ఆ చదువుతోనే ప్రైవేటుగా పదో తరగతి కట్టి గట్టెక్కి, విశ్వవిద్యాలయంలో అటెండరుగా చేరాను. అక్కడ లైబ్రరీవాళ్ళు చిరిగాయని పక్కన పడేసిన పుస్తకాలన్నీ ఇంటికి మోసుకెళ్ళాను. అందుకే నాకు ఏ శాస్త్రంలోనూ మొదటి పేజీలూ చివరి పేజీలూ తెలియవు. మధ్యవి మాత్రం ఎవరికీ తీసిపోను.

ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. పత్తి చేలకీ మిరప చేలకీ మధ్య ఉండేదని చెప్తే చాలు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వేసుకున్న లారీలు రోడ్డున పోతుంటే సెమినార్ హాల్లో ఉపన్యాసం ఇచ్చేవాళ్ళూ వినేవాళ్ళూ కలిసి తుమ్మేవాళ్ళు. మా ఆచార్యులు ఏకాభిప్రాయానికి వచ్చింది నేను చూసినంతలో ఆ ఒక్క విషయంలోనే.

ఆ హాలుకి నేను కేర్‌టేకర్ని. పేరుకే కేర్‌టేకర్‌గానీ నాకది సొంతిల్లు. ఏ ఫ్యాను ఎప్పుడు మూలుగుతుందో, ఏ మైకు ఎవరి గొంతుకి కీచుమంటుందో నాకు తెలుసు. పొద్దున్నే తలుపులు తీసి, కిటికీలు తుడిచి, బల్లమీద మంచినీళ్ళ గ్లాసు బోర్లించి, ఆ ఖాళీ హాల్లో ఒక్కణ్ణే నిలబడితే, రాబోయే ఉపన్యాసమంతా నేనే ఇచ్చేసినట్టు ఉండేది. తరవాత వచ్చేవాళ్ళు దాన్ని పాడుచేసేవాళ్ళనుకోండి, అది వేరే సంగతి.

తొంభైల చివర్లో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. శాఖాధిపతులందరికీ నాయకత్వంలోనూ నిర్వహణలోనూ శిక్షణ ఇప్పించాలట. మూడు రోజులు. ఇది వినగానే మా హెడ్డులకి కోపం వచ్చింది. రసాయనశాస్త్రం హెడ్డుగారు కారిడార్లో గట్టిగానే అన్నారు: "నాకు నాయకత్వం నేర్పడమేమిటి? నా దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్ళు నా బ్యాగు మోస్తూనే ప్రొఫెసర్లయ్యారు!" చివరికి మూడోరోజు అందర్నీ వాడరేవు తీసుకెళ్ళి సముద్రం ఒడ్డున భోజనం పెట్టిస్తామంటేగానీ ఒప్పుకోలేదు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. విశ్వవిద్యాలయంలో హెడ్డు పదవి వంతులవారీగా తిరుగుతుంది. ఇవాళ్టి హెడ్డు నిన్నటి హెడ్డుకి శిష్యుడు కావచ్చు, రేపటి హెడ్డు ఇవాళ్టి హెడ్డు కంటే పదేళ్ళు పెద్ద కావచ్చు. కాబట్టి ఎవరు పెద్ద అనేది ఒక పట్టాన తేలదు. వయసు లెక్కా? ప్రొఫెసరైన తేదీ లెక్కా? హెడ్డైన తేదీ లెక్కా? ఎవరికి ఏది కలిసొస్తే వాళ్ళది ఆ లెక్క. అందుకే సభల్లో కుర్చీలు వరసగా వేయడం, మొదటి వరస మధ్యలో సోఫా వేసి దాన్ని ఖాళీగా వదిలెయ్యడం మా పద్ధతి. సోఫా ఖాళీగా ఉన్నంతసేపూ శాంతిభద్రతలకు లోటుండదు.

శిక్షణ ఇవ్వడానికి హైదరాబాదు నుంచి ఒకావిడ వచ్చింది. ముప్ఫై దాటినట్టు లేదు. చలాకీ మనిషి. ముందురోజు సాయంత్రమే హాలు చూసుకోవడానికి వచ్చింది. ఆవిడ వెనకాలే ఈ శిక్షణకి కోఆర్డినేటరైన కామర్స్ హెడ్డుగారు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చారు.

"కేర్‌టేకర్ గారూ, ఈ వరసలన్నీ తీసేసి కుర్చీలు సర్కిల్‌గా వేయండి. టేబుల్ వద్దు, సోఫా వద్దు" అందావిడ.

"మరి ముందు ఎవరు కూర్చుంటారమ్మా?"

"ముందు అనేదే ఉండదు. అదే కాన్సెప్ట్."

"ఉండకపోతే ఎలాగమ్మా? ఇది యూనివర్సిటీ."

ఆవిడ నవ్వింది. కామర్స్ హెడ్డుగారు నవ్వలేదు. "ఆవిడ చెప్పినట్టు చెయ్యవయ్యా. నీకెందుకు కాన్సెప్టుల సంగతి?" అన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. చెప్పినట్టు చెయ్యమన్నారు. నేను చేశాను.

గుండ్రంగా వేశాను. చాక్‌పీసుతో నేలమీద గీత గీసి మరీ వేశాను. తీరా చూస్తే, శిక్షణావిడతో కలిపి లెక్కేసినదానికి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తక్కువొచ్చింది. స్టోర్సులో అడిగితే, ఎవరింట్లోనో పెళ్ళికి వెళ్ళిన కుర్చీ ఇంకా రాలేదన్నారు. ఇక కమిటీ గదిలో ఉన్న పాత టేకు కుర్చీ తెచ్చి ఖాళీలో పెట్టాను. చేతుల కుర్చీ, దొరలనాటిది, చూడ్డానికి గంభీరంగా ఉంటుంది. కానీ కూర్చునేచోట పేము అల్లిక తెగి బొక్క పడింది. బొక్క కనబడితే బాగుండదని దానిమీద ఉతికిన తెల్ల టర్కీ తువ్వాలు పరిచాను. నేను చేసింది ఇంతే. అప్పుడూ ఇదే చెప్పాను, ఇప్పుడూ ఇదే చెప్తున్నాను.

మర్నాడు పొద్దున హెడ్డులు ఒక్కొక్కరే వచ్చారు. గుమ్మంలో ఆగి ఆ వలయాన్ని చూశారు. అన్నీ తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు. ఒక్కటి మాత్రం టేకుది, చేతులున్నది, తువ్వాలున్నది. మన ఆఫీసుల్లో కుర్చీమీద తువ్వాలంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. అది ఎవరో ఒకరిది. ఆ ఒకరు ఎవరు?

"మీరు కూర్చోండి సార్" అన్నారు చరిత్ర హెడ్డుగారు రసాయనశాస్త్రం హెడ్డుగారితో, ఆయన కూర్చోకూడదని గట్టిగా కోరుకుంటూ.

"అబ్బే, మీరు సీనియర్లు. వయసులో" అన్నారాయన. ఆ 'వయసులో' అన్నమాట కాస్త ఆగి, విడిగా అన్నారు.

"వయసేముందండీ. ప్రొఫెసరు మీరు ముందయ్యారు. నాకు రావాల్సిన ప్రమోషన్ ఆపింది ఎవరో ఆ భగవంతుడికే తెలుసు."

"భగవంతుడి సంగతి నాకు తెలీదు. ఆ కమిటీలో నేను మాత్రం లేను."

టేకు కుర్చీలో కూర్చుంటే తనే పెద్దనని చెప్పుకున్నట్టు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే పెద్దను కానని ఒప్పుకున్నట్టు. అందుకని ఎవరూ దేంట్లోనూ కూర్చోలేదు. అంతమంది ఆచార్యులు తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కడానికి వచ్చి టిక్కెట్టు దొరకనివాళ్ళలాగా కుర్చీల చుట్టూ నిలబడ్డారు. పాపం శిక్షణావిడ "ప్లీజ్, ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు" అని బతిమాలుతూనే ఉంది. ఎక్కడైనా కూర్చోగలిగితే వాళ్ళు హెడ్డులెందుకవుతారు?

సరిగ్గా అప్పుడు గుమ్మంలోకి ఒకాయన వచ్చారు.

నిలువెత్తు మనిషి. మల్లెపువ్వులాంటి పంచె, గంజిపెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా, భుజాన కండువా, వేలికి ఉంగరం. లోపలికొచ్చి, అందరివైపూ ఒకసారి కలయజూసి, "అందరూ వచ్చేసినట్టున్నారే!" అన్నారు.

మన జిల్లాల్లో అలా తెల్లగా వచ్చి, అంత ధీమాగా మాట్లాడే మనిషిని ఎవరూ "మీరెవరు?" అని అడగరు. అడిగితే ఆయనెవరో మనకి తెలియదని ఆయనకి తెలిసిపోతుంది. అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు. పాలక మండలిలోకి ఎవరో కొత్త సభ్యుణ్ణి వేశారని వారంరోజులుగా చెప్పుకుంటున్నారు. అందరి కళ్ళూ ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. వృక్షశాస్త్రం హెడ్డుగారని, అందరిలోకీ చిన్నవాడు, నెమ్మదస్తుడు, ఆయన ముందుకొచ్చి చేతులు జోడించి, "దయచేయండి సార్" అని టేకు కుర్చీ చూపించారు.

వచ్చినాయన కూర్చున్నారు. బొక్కలోకి ఒక జానెడు దిగిపోయి, చేతులు గట్టిగా పట్టుకుని ఆగారు. ఆ క్షణంలో తక్కిన కుర్చీలన్నీ నిండిపోయాయి. ఎవరి పక్కన ఎవరో చూసుకోకుండా కూర్చున్నారు. పెద్ద ఎవరో తేలింది, ఆ పెద్ద తమలో వాడు కాదు. అంతకంటే హాయి ఏముంది? నేను ముందు ఆయనకే కాఫీ ఇచ్చాను. ఇవ్వక? తువ్వాలున్న కుర్చీకి ముందు కాఫీ ఇవ్వడం నా ఉద్యోగం.

ఆవిడ బోర్డు మీద మొదటి పాఠం రాసింది: నాయకుడు ముందు అడుగుతాడు, తరవాత చెప్తాడు. అందరూ పుస్తకాల్లో ఎక్కించుకున్నారు. ఒక్కరూ ఎవర్నీ ఏమీ అడగలేదు.

తరవాత పరిచయాలు. "పేరు చెప్పొద్దు, పదవి చెప్పొద్దు, డిగ్రీలు చెప్పొద్దు. మీరంటే ఏమిటో చెప్పండి" అందావిడ.

చరిత్ర హెడ్డుగారు లేచారు. "నేను..." అన్నారు. పైకి చూశారు. కిందికి చూశారు. "మరి..." అన్నారు. కూర్చున్నారు. రసాయనశాస్త్రం హెడ్డుగారు చాలాసేపు ఆలోచించి, "నాకు షుగరుందండి" అన్నారు. అక్కణ్ణుంచి దారి దొరికింది. వరసగా ఒకరికి బీపీ, ఒకరికి మోకాళ్ళు, ఒకరికి నిద్ర పట్టదు. పదవి తీసేస్తే మా ఆచార్యుల దగ్గర మిగిలేది జబ్బులేనని ఆ రోజు తెలిసింది.

టేకు కుర్చీ వంతు వచ్చింది.

"నాదేముందమ్మా. తెల్లారుజామునే లేస్తాను. గేదెలకి కుడితి పెడతాను. పాలు నేనే పితుకుతాను. జీతగాడి మీద వదిలేస్తే అవి పాలు చేపవు."

హాలంతా ముచ్చటపడిపోయింది. కామర్స్ హెడ్డుగారు పక్కాయన చెవిలో, "చూశారా సింప్లిసిటీ! అంత స్థాయిలో ఉండి పాలు స్వయంగా పితుక్కుంటున్నారు" అన్నారు. శిక్షణావిడ ఆ ముక్క బోర్డు మీదకి ఎక్కించి కింద రెండు గీతలు గీసింది.

ఆ పెద్దమనిషి ఒకటి రెండుసార్లు లేవబోయాడు. చేతులమీద బరువు పెట్టి పైకి లేస్తున్నాడు. లేవబోయినప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్ళు "కూర్చోండి సార్, మాకోసం లేవడమేమిటి" అని కూర్చోబెట్టేశారు. ఆయన మళ్ళీ బొక్కలోకి దిగిపోయాడు.

ఇక ఆట మొదలైంది. "పంచుకోవాల్సింది తక్కువ, కావాల్సినవాళ్ళు ఎక్కువ. ఎలా పంచుకుంటారో మీలో మీరు మాట్లాడుకుని ఒక మాటకి రండి. నేను కలగజేసుకోను" అందావిడ.

పెద్దమనిషి మొహం ఒక్కసారిగా వికసించింది. "అదీ! ఇప్పుడొచ్చారు అసలు సంగతికి. పొద్దున్నుంచీ ఈ జబ్బుల గోలేందా అనుకుంటన్నా. దాచేదేముందండీ, కాలవ పక్కది నాకు వదిలెయ్యండి. మిగతాది మీరూ మీరూ సర్దుకోండి."

హెడ్డులంతా కుర్చీల్లో ముందుకి జరిగారు. ఎందుకంటే ఆ రోజుల్లో కొత్త భవనాలకి స్థలాలు కేటాయించే పని పాలక మండలి చేతిలో ఉంది. ఏ శాఖకి ఏ స్థలమో అని అందరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నారు.

"సార్, కాలవ పక్కది మాకివ్వాలి. మాకు నీళ్ళతో పని" అన్నారు రసాయనశాస్త్రంవారు.

"నాకు మాత్రం దేంతో పని? ఎండాకాలంలో మిగతాదంతా మాడిపోద్ది. అదొక్కటే పచ్చగా ఉంటది."

"పర్యావరణం గురించి ఆలోచిస్తున్నారు" అని కామర్స్ హెడ్డుగారు మెచ్చుకున్నారు.

చరిత్ర హెడ్డుగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశారు. "మమ్మల్ని కూడా చూడండి సార్. మావాళ్ళు నలభైమంది ఒకే గదిలో మగ్గుతున్నారు."

"నలభయ్యా! ఒకే కొట్టంలోనా! అన్యాయం గదండీ" అని పెద్దమనిషి నిజంగానే బాధపడ్డాడు. "నలభై మేపడమంటే మాటలా! సరే, మీరు అంతగా అడుగుతున్నారు గాబట్టి హాస్టల్ వెనకది మీరు తీసుకోండి. తుమ్మముళ్ళుంటయ్, చూసి తోలుకోండి."

చరిత్ర హెడ్డుగారు లేచి నిలబడి దణ్ణం పెట్టారు. శిక్షణావిడ ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టింది. పెద్దమనిషి కండువా సవరించుకుని గొంతు తగ్గించాడు.

"ఒక్కటే మాట. ఇక్కడనుకున్నది ఇక్కడే ఉండాలి. ఆఫీసోళ్ళ చెవినపడిందంటే రేటు పెంచేస్తారు."

"అయ్యో, ఎంతమాట సార్! కాన్ఫిడెన్షియల్" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. మిర్చి లారీ అవసరం లేకుండా ఏకాభిప్రాయం వచ్చింది.

భోజనాలయ్యాయి. గోంగూర, చింతచిగురు పప్పు, గడ్డ పెరుగు. ముందు ఆయన విస్తట్లోనే వడ్డించాం. ఆయన రెండుసార్లు, "ఇంకా ఎంతసేపండీ?" అని అడిగాడు. "అయిపోవచ్చింది సార్, తమరు ఉండితీరాలి" అని కామర్స్ హెడ్డుగారు చెయ్యి పట్టుకుని మళ్ళీ టేకు కుర్చీలోకి దింపారు.

మధ్యాహ్నం మూడోజాము. శిక్షణావిడ సంఘర్షణల పరిష్కారం గురించి చెప్తోంది. తలుపు ధడేలుమని తోసుకుని, చెమటలు కక్కుతూ ఒక మనిషి లోపలికొచ్చాడు.

"బావా! ఇక్కడ కూర్చున్నావా నువ్వు! కాలేజీ అంతా దేవులాడి చచ్చాను. అక్కడ ఎస్టేటాఫీసు వరండాలో వేలం పాట అయిపోయింది!"

"అయిపోడమేందిరా? పాడేవాళ్ళంతా ఇక్కడుంటే అక్కడెవడు పాడాడు?"

"ఎవడో పొరుగూరోడంట. కాలవ పక్క గడ్డంతా వాడే కొట్టుకుపోయాడు. హాస్టల్ వెనకది కూడా."

పెద్దమనిషి వలయమంతా ఒక చుట్టు చూశాడు. ఒక్కొక్క మొహమే చూశాడు.

"ఓరేయ్, మరి వీళ్ళెవరు?"

ఎవరమని చెప్పుకుంటారు? పదవులు చెప్పకూడదని రూలు గదా.

అప్పుడు తెలిసింది సంగతి. ఆయన పర్చూరు అవతల పాడి రైతు. విశ్వవిద్యాలయం ఖాళీ స్థలాల్లో పెరిగే గడ్డిని ఏటా వేలం వేస్తారు. ఆయన గేటు దగ్గర వేలం ఎక్కడని అడిగితే, వాచ్‌మన్ "పెద్దలంతా ఆ హాల్లోకే పోతున్నారండి" అన్నాడట. ఈయన లోపలికొచ్చి, కుర్చీలు గుండ్రంగా ఉండటం చూసి, పాటగాళ్ళంతా ముందే కూడబలుక్కుంటున్నారు కాబోలు, మనమూ కలిస్తే పోలా అనుకున్నాడు.

శిక్షణావిడ ఇంకా తేరుకోలేదు. "సార్, ఇంతకీ మీది ఏ డిపార్ట్‌మెంట్?" అనడిగింది.

"పాడి తల్లీ, పాడి! పాడంతా పాడె ఎక్కించారు గదా మీరంతా కలిసి!" అంటూ ఆయన లేచాడు. కుర్చీ కూడా ఆయనతో లేచింది. వృక్షశాస్త్రం హెడ్డుగారు ఒకవైపూ నేనొకవైపూ పట్టుకుని లాగితే వదిలింది. ఆ కోపంలో ఆయన నా టర్కీ తువ్వాలు కూడా కండువాతోపాటు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకోగానే రసాయనశాస్త్రం హెడ్డుగారు, "నాకు మొదట్నుంచీ అనుమానమే" అన్నారు. అందరికీ మొదట్నుంచీ అనుమానమేనట. చరిత్ర హెడ్డుగారు మాత్రం కిటికీ దగ్గరికెళ్ళి హాస్టల్ వైపు చూస్తూ నిలబడ్డారు. హాస్టల్ వెనక స్థలం ఆయన చేతిలోంచి అప్పుడే జారిపోయింది.

మూడోరోజు వాడరేవు వెళ్ళారు. నన్ను తీసుకెళ్ళలేదు. ఇసకలో కుర్చీలు లేకపోవడంతో అందరూ నిలబడే చేపల పులుసు తిన్నారని డ్రైవరు చెప్పాడు. వాళ్ళు తిరిగొచ్చిన మర్నాడు నాకు మెమో వచ్చింది. సమావేశ మర్యాదకు విరుద్ధంగా కుర్చీలను గుండ్రంగా అమర్చి, అందులో ఒకదానికి ప్రత్యేక హోదా కల్పించి, అనర్హుడైన వ్యక్తి అందులో ఆసీనుడగుటకు కారకుడనైనాననీ, పైగా ఒక తువ్వాలు పోగొట్టితిననీ అందులో ఉంది.

నేను కామర్స్ హెడ్డుగారి దగ్గరికి వెళ్ళాను. "అయ్యా, గుండ్రంగా వేయమన్నది ఆవిడ. ఆవిడ చెప్పినట్టు చెయ్యమన్నది తమరు" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆవిడ హైదరాబాదు వెళ్ళిపోయిందయ్యా. ఇక్కడున్నది నువ్వేగా?" అన్నారు.

పిల్లలూ, నాయకత్వం గురించి ఆ మూడు రోజుల్లో చెప్పనిది ఈ ఒక్క వాక్యంలో ఉంది. తప్పు ఎవరిదైనా దొరికేది దగ్గర్లో ఉన్నవాడే.

సంజాయిషీ రాసిచ్చాను. గోడౌనుకి పోయాను. చీకటి కొట్టు, ఎలకల కంపు, కట్టలు కట్టలుగా ఏనాటివో జవాబు పత్రాలు. ఊరికే కూర్చోలేక అవీ చదివాను. జవాబులన్నీ చదివానుగానీ ప్రశ్నపత్రాలు దొరకలేదు. నేను లేని హాలు ఏమైందంటారా? కొత్తగా వేసిన అతను కిటికీలు తెరిచి మర్చిపోయేవాడు. పావురాలు ఫ్యాన్లమీద కాపురాలు పెట్టాయి. మైకు ఎవరు మాట్లాడినా కీచుమనేది. ఆ దారిన పోతూ ఆ కీచుమన్న చప్పుడు వింటే లోపలికెళ్ళి సరిచేసి రావాలనిపించేది. మెమో రద్దు కావాలి, ఆ తాళాల గుత్తి మళ్ళీ నా చేతికి రావాలి, ఆ హాలు తలుపులు నా చేత్తో మూసే నేను రిటైరవ్వాలి. అంతకుమించి నేను కోరుకున్నది లేదు.

రిజిస్ట్రారు మారినప్పుడల్లా అర్జీ పెట్టుకున్నాను. కానీ చిక్కేమిటంటే, రిజిస్ట్రారు అయ్యేవాడల్లా ఆ వలయంలో కూర్చున్నవాడే. నా మెమో తప్పని రాస్తే, మరి తప్పెవరిదని రాయాలిగా!

ముందు రసాయనశాస్త్రంవారు రిజిస్ట్రారయ్యారు. పిలిచి, అర్జీ చదివారు.

"ఆ రోజు నేనున్నానా?"

"ఉన్నారండి. టేకు కుర్చీకి ఎడంపక్క."

"లేననుకుంటా. నాకు ఆ రోజు షుగరు ఎక్కువై ఇంట్లో ఉన్నాను."

"ఆ షుగరు సంగతి తమరు అక్కడే చెప్పారండి" అన్నాను. అర్జీ పక్కన పెట్టేశారు.

తరవాత కామర్స్‌వారు వచ్చారు. ఆయన టీ కూడా ఇప్పించారు. "చూద్దాం" అన్నారు. ఆయన చూస్తూ చూస్తూ పదవీకాలం పూర్తిచేసుకుని వెళ్ళిపోయారు.

ఈలోపల ఒకసారి మా ఊళ్ళో గుడి దగ్గర కొత్త ట్రాక్టరుకి పూజ చేయిస్తూ ఆ పాడి రైతు కనిపించాడు. అదే తెల్ల పంచె. నన్ను గుర్తుపట్టి, దగ్గరికొచ్చి, భుజమ్మీద చెయ్యేశాడు.

"మీవాళ్ళు మహా గట్టోళ్ళండీ! అంతమంది గుండ్రంగా చుట్టుముట్టి, కాఫీలిచ్చి, పప్పన్నం పెట్టి, లేస్తే లేవనీకుండా కూర్చోబెట్టి, అవతల పాట కానిచ్చేశారు. చదువుకున్నోళ్ళ సిండికేటు ముందు మేమెంత! ఆ ఏడు గడ్డి లేక రెండు గేదెల్ని అమ్ముకున్నా."

"అయ్యా, వాళ్ళకి మీరెవరో తెలీదండీ" అన్నాను.

"తెలీకుండానే అంత మర్యాద చేశారా? ఎవరికి చెప్తావయ్యా!" అని నవ్వేశాడు. నేనింక వాదించలేదు. ఆయన లెక్కలో కనీసం వాళ్ళు తెలివైనవాళ్ళు. కాదని చెప్పి నేను బావుకునేదేముంది? తువ్వాలు సంగతి అడుగుదామనుకున్నాను. అవతల డ్రైవరు ట్రాక్టరు స్టీరింగు తుడుస్తున్నది దాంతోనే.

చివరికి, నా సర్వీసు ఇంక కొద్దిగా ఉందనగా, వృక్షశాస్త్రంవారు రిజిస్ట్రారయ్యారు. ఈసారి అర్జీ పొడుగ్గా రాయలేదు. "అయ్యా, గుండ్రంగా వేయమన్నారు, వేశాను. వాటిలో ఎవరినీ కూర్చోమని నేను అనలేదు. తాళాలు ఇప్పించగలరు" అని రాసి, వెళ్ళి బల్లమీద పెట్టి వచ్చాను. ఆయన తలెత్తలేదు. సరే, ఈయనా అంతే అనుకున్నాను.

వారం తిరక్కుండా ప్యూన్ గోడౌనుకి వచ్చి, ఒక కవరూ, ఒక తాళాల గుత్తీ నా చేతిలో పెట్టాడు. గుత్తి తుప్పు పట్టి ఉంది. కవరులో కాగితం మీద మెమో రద్దయిందని ఇంగ్లీషులో రెండు లైన్లు టైపు చేసి ఉన్నాయి. కింద ఖాళీలో, ఆయన సొంత దస్తూరితో, తెలుగులో ఇలా ఉంది:

"కేర్‌టేకర్ గారికి: ఆ రోజు ఆయనకి మొదట చేతులు జోడించి దయచేయండి అన్నది నేను. అంతమందిమి ఉండి, ఏం పనిమీద వచ్చారని ఆయన్ని ఒక్కళ్ళమూ అడగలేదు. ఇంతకీ ఆయన గేదెలకి ఆ ఏడు గడ్డి ఇంకెక్కడైనా దొరికిందా?"